మీ ఇంటికి బయటి నుంచి వచ్చినవారు

తప్పు నాదే. ఐదు వేల కాపీలు తీసేదాకా నాకు కనపడలేదు, ప్రూఫు చూసి సంతకం పెట్టిన డ్రిల్లు మాస్టారికీ కనపడలేదు. ఆ తర్వాత మాత్రం ఊరు ఊరంతటికీ కనపడింది.

మాది జిరాక్సు షాపు. రెండు మెషీన్లు, ఒక కంప్యూటరు, వాటి మధ్య తిప్పుడు కుర్చీలో నేను. ఆ ఎన్నికలకి మా పక్క మేడలో గర్జనగారు పార్టీ ఆఫీసు తెరిచాడు. ఆయన అసలు పేరు వేరే ఉందిలెండి, పెట్టిన ప్రతి సభకీ గర్జన అని పేరు పెట్టుకోవడంతో ఊళ్ళో అదే ఖాయమైపోయింది. ఆయన చెప్పేది ఒకటే మాట: మన ఊరు మనవాళ్ళకే. పనులు లేకపోవడానికీ, కుళాయిలో నీళ్ళు రాకపోవడానికీ, బస్సులో సీటు దొరక్కపోవడానికీ బయటి నుంచి వచ్చినవాళ్ళే కారణమట. మొదట్లో నేను పట్టించుకోలేదు. ఓట్ల ముందు ఇలాంటివి ఎన్ని వినం? ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ఒక పొద్దున షాపు తీద్దామని వెళితే, ఎదురు వరసలో గడియారాలు బాగుచేసే ఆయన తన షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. షట్టరు మీద నిలువెత్తు ఎర్ర అక్షరాలతో ‘బయట’ అని రాసి ఉంది. నలభై ఏళ్ళుగా ఆ కొట్లో కూర్చున్న మనిషి. మా నాన్న నా పెళ్ళికి కొన్న వాచీ ఇంకా నడుస్తోందంటే ఆయన చలవే.

“ఎవరండీ ఈ పాడు పని చేసింది?” అన్నాను.

ఆయన నా వంక తిరగలేదు. “అక్షరాలు కుదురుగా ఉన్నాయమ్మా. చదువుకున్నవాడే” అన్నాడు.

నాలుగో రోజుకి ఆ కొట్టు ఖాళీ. ఎక్కడికి వెళ్ళాడో ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే నర్సమ్మ నన్ను మెట్ల దగ్గర ఆపింది. ఆస్పత్రిలో నర్సు కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. మా పైవాటాలో ఏడేళ్ళుగా తనూ, వాళ్ళమ్మా అద్దెకుంటున్నారు. మాట్లాడితే కొంచెం యాస తెలుస్తుంది, అంతే. మామయ్యకి, అంటే మా ఆయన తండ్రికి, గుండె నొప్పి వచ్చినప్పుడు మెట్లు దిగి రావడానికి చెప్పులు కూడా వేసుకోని మనిషి ఆమె.

“అక్కా, మా తలుపు మీద కూడా రాస్తారా?” అంది.

“నోరు ముయ్యి. మన ఇంటి తలుపు మీద రాసే మొనగాడు ఇంకా పుట్టలేదు. నిన్ను ఇక్కణ్ణించి ఎవరు పంపిస్తారో నేనూ చూస్తా” అన్నాను.

అనేశాను గానీ, ఆ రాత్రి గేటు తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాను.

ఆ భయంతోనే, మర్నాడు డ్రిల్లు మాస్టారు షాపుకొచ్చి ఫారం కొట్టమంటే కాదనలేకపోయాను. బళ్ళో రిటైరయ్యి ఆ పార్టీ ఆఫీసు చూసుకుంటున్నాడాయన. మాట్లాడినా విజిలు ఊదినట్టే ఉంటుంది. “వీధి వీధికీ బయటివాళ్ళ పేర్లు కావాలి. ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఏం పని చేస్తారు, వాళ్ళ మీద అభ్యంతరం ఏమిటి. ఇంటికొకటి పంచుతాం. గంటలో ప్రూఫు ఇవ్వు” అన్నాడు. ఇవ్వనని చెప్పి ఉండాల్సింది. గడియారాలాయన షట్టరు ఎదురుగా కనిపిస్తుంటే సరేనన్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

మా పనిలో ఫారాన్ని మొదటి నుంచీ ఎవరూ కొట్టరు. దగ్గరున్న పాతదాన్ని తెరిచి, పైనా కిందా మార్చి, కొత్త పేరుతో దాచుకుంటాం. రేషను కార్డులో కొత్త మనిషి పేరు చేర్చుకునే ఫారం నా దగ్గర ఉంది. ‘మీ ఇంటికి కొత్తగా వచ్చినవారి వివరాలు’ అని ఉంటుంది దాని మీద. ‘కొత్తగా’ తీసేసి ‘బయటి నుంచి’ అని పెట్టాను. ‘ఇంటికి’ తీసేసి ‘వీధికి’ అని పెట్టాలి. గంటలో ఇవ్వాలన్న కంగారో, మనసు ఒప్పలేదో, అది మాత్రం మర్చిపోయాను. మాస్టారు ఫోన్లో ఎవరినో కేకలేస్తూ, చూడకుండానే ప్రూఫు మీద సంతకం గీకేశాడు.

రెండో రోజు ఊరంతా పంచేశారు. మా ఇంటికీ ఒకటి వచ్చింది. భోజనాల దగ్గర మామయ్య కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదివాడు. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరు. ఏది చదివినా చివరి సీటు దాకా వినపడుతుంది.

“మీ ఇంటికి బయటి నుంచి వచ్చినవారి వివరాలు... అమ్మాయ్, ఇది నీ గురించేనే!”

గబుక్కున లాక్కుని చూశాను. ఐదు వేలు! ఐదు వేల కాగితాల మీద ఇదే తప్పు!

“మామయ్యా, చచ్చాం. షాపు తగలబెడతారు వాళ్ళు.”

“ఉండవే. కలం ఇటివ్వు” అని ఆయన కంచం పక్కకి జరిపి రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ పైకి చదువుతున్నాడు. “పేరు: మా కోడలు. ఎప్పుడు వచ్చారు: పద్దెనిమిదేళ్ళ క్రితం, ఒక ట్రంకు పెట్టెతో. ఏం పని చేస్తారు: జిరాక్సు తీస్తుంది, తీరిక దొరికితే నన్ను తిడుతుంది. అభ్యంతరం: కూరలో ఉప్పు ఎప్పుడూ తక్కువే.”

మా ఆయన పొలమారేంతగా నవ్వాడు. మా ఆయన కరెంటు మీటర్ల రీడింగు తీస్తాడు. ఇంటింటికీ తిరిగే ఉద్యోగం కాబట్టి ఎవరితోనూ పేచీ పెట్టుకోడు, ఎవరు నవ్వితే వాళ్ళతో నవ్వుతాడు. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, “నాన్నా, గర్జనగారికి వంట చేసే ఆవిడ ఎక్కణ్ణించి వచ్చిందో అడుగుతూ కూడా ఒక ముక్క రాయి” అన్నాడు. భయంలో కూడా నాకు నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్నే మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పార్టీ ఆఫీసుకి వెళ్ళాడు. ఫారం ఇచ్చి ఊరుకోలేదు, రసీదు అడిగాడు. “మా కోడల్ని ఎప్పుడు తీసుకెళ్తారో చెబితే పెట్టె సర్దిస్తాను” అని అరుగు మీద కూర్చున్నాడు. అటుగా పోయేవాళ్ళు ఆగి ఏమిటని అడిగారు. చెప్పాడు. అంతే, నిప్పు రాజుకున్నట్టు రాజుకుంది.

మధ్యాహ్నానికి ఆఫీసు ముందు బారు కట్టారు. ఒకావిడ అత్తగారి పేరు రాసింది. వెనకే ఆ అత్తగారు కోడలి పేరు రాసుకుని నిలబడింది. ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చారట. కాన్పు వార్డులో పనిచేసే ఆయా, నిన్న పుట్టినవాళ్ళంతా బయటి నుంచి వచ్చినవాళ్ళే కదా అని పదకొండుమంది పసిపిల్లల వివరాలు పట్టుకొచ్చింది, అభ్యంతరం దగ్గర ‘ఏడుపు’ అని రాసి. ఒక ఇల్లరికపు అల్లుడు తన పేరు తనే రాసుకుని, “నన్ను పంపించేయండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటా” అన్నాడు. మామయ్య బారు పక్కన నిలబడి, “ముందుకి జరగాలి, ముందుకి జరగాలి, లోపల చాలా ఖాళీ ఉంది” అని కేకలు. డ్రిల్లు మాస్టారు ఒక్కొక్క కాగితం తీసుకోక తప్పలేదు. తీసుకోనంటే, “మీరిచ్చిందే కదండీ” అంటారు.

సాయంత్రం ఆయన నా షాపులోకి దూసుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

“ఏంటమ్మా ఇది? ఏంటిది?”

నేను ఆయన సంతకం పెట్టిన ప్రూఫు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చూశాడు. కొత్త ఫారం కొట్టమన్నాడు, ‘వీధికి’ అని దగ్గరుండి నాలుగుసార్లు చదివించుకున్నాడు. అది ఎవరికి కావాలి? జనం నా షాపుకొచ్చి, “తప్పుది ఉందా అమ్మా? మాకు తప్పుదే కావాలి” అని అడిగి మరీ తీసుకెళ్ళారు.

గర్జనగారు ఊరుకుంటాడా? పెద్ద మైదానంలో సభ పెట్టాడు. ఇంటిల్లిపాదీ వెళ్ళాం. నర్సమ్మని కూడా రమ్మన్నాను, డ్యూటీ ఉందంది. ఆయన వేదిక ఎక్కి, మైకు పట్టుకుని, చెయ్యి గాల్లోకి లేపి అరిచాడు: “చెప్పండి! ఈ ఊళ్ళోకి బయటి నుంచి వచ్చినవాళ్ళు ఎవరు?”

ముందు వరసలోంచి దర్జీ ఆవిడ చెయ్యెత్తి, “నేనండీ! కోడల్ని!” అంది. ఇంకో చెయ్యి లేచింది. ఇంకోటి. నేనూ ఎత్తాను. తల తిప్పి చూద్దును కదా, మైదానమంతా చేతులే! ఆయన చెయ్యి కూడా ఇంకా గాల్లోనే ఉంది. వేదిక మీద ఆయన అత్తగారు కూర్చుని ఉంది, పాపం ఆవిడకి సరిగా వినపడదు. పక్కనున్న మనిషిని ఏమిటని అడిగి, తెలుసుకుని, వేలు చాపి అల్లుణ్ణి చూపించింది. “బయటి నుంచి వచ్చిందా? మా అల్లుడేగా! ఒక ఆదివారం చూసిపోదామని వచ్చాడు, ముప్పై ఏళ్ళయింది.” ఆవిడ ముందున్న మైకు ఆ మాటని ఊరంతటికీ వినిపించింది.

అంతమంది ఒక్కసారి నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. సంతోషం సంగతి తర్వాత, నాకు ముందు ఒళ్ళు జలదరించింది. ఒక మనిషి అలా మన కళ్ళముందే చిన్నవాడైపోతాడని నాకు తెలీదు. ఆ రోజు తర్వాత ఆయన నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు చెయ్యెత్తేవారు. మా ఆయన ఇంట్లో తువ్వాలు భుజాన వేసుకుని గర్జనగారిలా చెయ్యి లేపేవాడు, మామయ్య మంచం మీద పడి దొర్లేవాడు. రోజూ అదే తమాషా. పై పెంకులు ఎగిరిపోయేలా నవ్వేవాళ్ళం.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. ఒకరోజు ఫారం చేతికిచ్చి, “నువ్వూ ఒకటి రాయవే, మీ అమ్మ గురక మీద రాయి” అన్నాను. అలసిపోయిన మొహంతో తీసుకుని, మడత పెట్టి, పైకి వెళ్ళిపోయింది. పోలింగుకి వారం ఉందనగా, ఒకటో తారీఖుకి ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పింది. ఆస్పత్రి దగ్గర ఇల్లు దొరికిందట. నాకు కోపమొచ్చింది, ఏడేళ్ళుగా అక్కా అక్కా అంటూ ఇంత మాట ఇప్పుడా చెప్పడం అని.

గర్జనగారు ఓడిపోయాడు. చిత్తుగా ఓడిపోయాడు. ఆ సాయంత్రం నేను మెట్లు రెండేసి ఎక్కి పైకి వెళ్ళాను. నర్సమ్మ గిన్నెల్ని పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో సర్దుతోంది. వాళ్ళమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

“గెలిచాం కదే! ఇంకెవరికి భయపడాలి? ఆ పెట్టెలు విప్పేయ్.”

“భయం కాదక్కా” అంది. ఇంకో గిన్నె చుట్టింది.

పక్క మేడలో పార్టీ ఆఫీసు ఎత్తేశారు. డ్రిల్లు మాస్టారే వచ్చి, ఊళ్ళోవాళ్ళు రాసిచ్చిన ఫారాలు నాలుగు కట్టలు నా గడప దగ్గర పెట్టాడు. “వెనక తెల్లగానే ఉన్నాయి. పారేయడం ఎందుకు, వాడుకో” అన్నాడు. పాపం మనిషి వాడిపోయి ఉన్నాడు. జాలేసి, మంచినీళ్ళు ఇచ్చాను.

ఒకవైపు అచ్చయిన కాగితాల్ని మేము ట్రయలుకి వాడతాం. ఇంకు సరిగా పడుతోందా, అంచు తెగుతోందా అని ముందు దాని మీద ఒకటి తీసి చూస్తాం. మూడు రోజులు అదే పని. తీసిన ప్రతిదాన్నీ తిప్పి, వెనక ఏం రాశారో చదువుకుని నవ్వుకోవడం నాకు అలవాటైంది. ఒకటో తారీఖు పొద్దున ఎవరిదో సర్టిఫికెట్టు కాపీ తీస్తూ ఒక కాగితం తిప్పాను.

‘పేరు: పైవాటాలో అద్దెకుంటున్న నర్సు, ఆమె తల్లి. ఎప్పుడు వచ్చారు: 7 ఏళ్ళు. ఏం పని చేస్తారు: ఆస్పత్రిలో. అభ్యంతరం: మన మాట సరిగా రాదు. ఎవరెవరో వచ్చి పోతుంటారు. వీళ్ళు వెళ్ళిపోతే వీధికి మంచిది.’

ఏడు అంకెకి నడుం దగ్గర అడ్డగీత ఉంది. మీటరు రీడింగులో ఒకటీ ఏడూ కలిసిపోకుండా మా ఆయన గీసే గీత. కింద, ఇంటి పెద్ద అన్నచోట సంతకం కూడా ఆయనదే. తారీఖు చూశాను. పొలమారేలా నవ్విన రోజుకి మర్నాటిది.

ఎక్కడైనా జోకు ఉందేమోనని మళ్ళీ చదివాను. చివరి మాటలోనైనా ఉంటుందేమో అనుకున్నాను. లేదు. సర్టిఫికెట్టు మనిషి “ఏమైందమ్మా?” అంటున్నాడు. ఆయన కాగితాలు ఆయన చేతిలో పెట్టి, షట్టరు దించేసి ఇంటికి నడిచాను.

గేటు ముందు సామాన్ల వ్యాను నిలబడి ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మా ఆయనా, మామయ్యా భోజనాలకి కూర్చున్నారు. కాగితం మా ఆయన కంచం పక్కన పెట్టాను.

“ఏంటిది?”

చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే నవ్వాడు. ఆ నవ్వు చూశాకే నాకు అసలు భయమేసింది.

“ఓ, ఇదా! సరదాకి రాశానే. అందరూ రాశారుగా.”

మామయ్య చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు. “ఏదీ, చదువురా. మేమూ నవ్వుతాం.”

మా ఆయన గబగబా చదివేశాడు. జోకు పూర్తికాకముందే నవ్వే మనిషి మామయ్య. నవ్వలేదు.

“నవ్వు రాలేదురా. సరిగా చదవలేదేమో. మళ్ళీ చదువు.”

మళ్ళీ చదివాడు. ఈసారి నెమ్మదిగా.

“మళ్ళీ.”

“నాన్నా...” కాగితం మడవబోయాడు. “వాడు గెలుస్తాడేమో అనుకున్నాను. ఎటు పోయి ఎటొస్తుందోనని ఒకటి ఇచ్చి పెట్టుకున్నా. మన తలుపు మీద రాయకూడదని...”

“అది అందులో రాసుందా? లేనిది చెప్పకు. రాసింది చదువు.”

“పేరు: పైవాటాలో అద్దెకుంటున్న నర్సు, ఆమె తల్లి. ఎప్పుడు వచ్చారు... అభ్యంతరం: మన మాట సరిగా...”

అక్కడికి ఆగిపోయాడు.

“సరిగా రాదు. ఎవరెవరో వచ్చి పోతుంటారు. వీళ్ళు వెళ్ళిపోతే వీధికి మంచిది.”

గుమ్మంలో నర్సమ్మ. చేతుల్లో స్టవ్వు. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

“నాకు కంఠతా వచ్చు బాబాయిగారూ” అంది. “ఇచ్చే ముందు అన్నయ్యగారు పైకొచ్చి చదివి వినిపించారు. మర్యాదగా వెళ్ళిపోతే ఇవ్వనన్నారు. సరేనన్నాను. అయినా ఇచ్చారన్నమాట.”

నేను మా ఆయన వంక చూశాను. ఆయన కంచంలోకి చూస్తున్నాడు.

“నాకెందుకు చెప్పలేదే?” అన్నాను. “ఒక్క మాట చెబితే...”

నర్సమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది.

“రోజూ కింద మీరంతా కలిసి నవ్వుతుండేవాళ్ళు కదక్కా. దీన్ని చదువుకునే నవ్వుతున్నారనుకున్నాను.”

మామయ్య లేచాడు. బరువుగా నడిచి గుమ్మం దాకా వెళ్ళి, ఆమె చేతుల్లో స్టవ్వు అందుకోబోయాడు.

ఆమె ఇవ్వలేదు.